రాయికి కాళ్ళొచ్చిన ఏడాది

చెత్తను సబ్బు పెట్టి ఉతికి, తీగ మీద ఆరేసే ఇల్లాలిని మీరెక్కడా చూసి ఉండరు. మేడ్చల్ నుంచి అత్వెల్లి దాటి లోపలికి పోతే ఎర్రకుంట అనే ఊరొస్తుంది. అక్కడ మనోరమ కనిపిస్తుంది. శనివారం పొద్దున పదింటికి పెరట్లో పీట వేసుకుని, నీళ్ళ సీసాలు, పాల ప్యాకెట్లు, చిప్స్ కవర్లు ఒక్కొక్కటే కడిగి క్లిప్పులు పెడుతోంది. రేపు ఆ చెత్తను ఆమె కుంటకట్ట మీద చల్లాలి. చల్లినదాన్ని ఆమె భర్త ప్రతాప్ రెడ్డి వంగి ఏరాలి. ఏరుతుంటే మళ్ళీ ఆమే వీడియో తీయాలి.

"తడి చెత్త తేకు మనోరమా, చేతులు ఖరాబైతయ్. పోయినసారి తెల్లంగికి సాంబారు మరకైంది" అని చెప్పి బయటికి పోయాడు.

కుంట దగ్గర చెత్త కరువై కాదు. బండ్లకొద్దీ ఉంది. కానీ అది కంపు కొడుతుంది. కంపు కెమెరాకు చిక్కదు గానీ ముక్కు మూసుకున్న నాయకుడు చిక్కుతాడు. అందుకని ఇంటి చెత్తకు స్నానం.

"నీ పాడుగాను, ఎంగిలి కవర్లు నా చీరె పక్కన ఆరేస్తవా?" అంది అత్తమ్మ అరుగు మీది నుంచి. "పొద్దుందాక ఫోన్ వట్టుకొని కూసునుడు. గది గూడ పనేనా? మేము ఇరవై బర్రెలకు పాలు పిండినం."

అత్తమ్మ లెక్కలో ఆ బర్రెలు ఏటేటా పెరుగుతున్నాయి. పెళ్ళైన కొత్తలో నాలుగే ఉండేవి. మనోరమ నవ్వుకుని ఇంకో సీసా మూత తిప్పింది. నవ్వు లోపలే ఉంచుకోవడం ఆమెకు అలవాటు. ఆ ఇంట్లో కోడలి నవ్వుకు కూడా కారణం చెప్పాలి.

ఫోన్ పట్టుకుని కూర్చోవడం పనే. ఆ సంగతి ఆమెకొక్కదానికే తెలుసు. ఇప్పుడు నలభై మూడు వేలమంది చూసే 'పచ్చని మన ఊరు, ప్రతాపన్న' పేజీ మొదట ఆమెది. అప్పుడు దాని పేరు 'మన కుంట'. నూటపన్నెండుమంది చూసేవాళ్ళు. కుంటలో దిగిన కొంగల ఫోటో ఒకటి పెట్టి, కింద రెండు వాక్యాలు రాసేది. ఒకరోజు అన్నం తింటూ ప్రతాప్ దాన్ని చూశాడు. "మంచిగనే రాసినవ్ గని, ఆడిదానివి నీ పేరెందుకే అండ్ల? ఇజ్జత్ పోతది. నా ఫోటో వెట్టు. రేపు టికెట్‌కు పనికొస్తది" అన్నాడు. ఆ మాట అంటూనే మజ్జిగ వడ్డించమని గిన్నె జరిపాడు. ఆమె వడ్డించింది. ఆ ఒక్క గరిటె మజ్జిగతో పేజీ చేతులు మారింది.

చేతులు మారింది అంటే, ముఖం మారింది. పని మారలేదు. పాత క్యాలెండర్ కాగితాల వెనక పెద్ద అక్షరాలతో మాటలు రాసి కెమెరా కింద పట్టుకునేది ఆమే. ఆయన చదివేవాడు. "చెరువు మనకు తాతలిచ్చిన ఆస్తి కాదు, మనవలు మన దగ్గర దాచిన సొమ్ము" అని ఆయన చదివిన రోజు పేజీ ఊగిపోయింది. అల్వాల్ నుంచి ఒక టీచరమ్మ రాసింది: "అన్నా, మీ మాట విని మా బడిపిల్లలు ప్లాస్టిక్ సీసాలు మానేసి స్టీలు సీసాలు తెచ్చుకుంటున్నారు." మనోరమ ఆ మాటను పొయ్యి ముందర నిలబడి ఐదుసార్లు చదివింది. పప్పు అడుగంటింది. "దిమాక్ ఏడున్నదే నీకు?" అన్నాడు ఆయన మాడిన పప్పు చూసి. దిమాకు ఎక్కడుందో ఆయనకు తెలిసే మార్గం లేదు. ఆయన రోజూ దాన్నే చదువుతున్నాడు కదా.

పేజీ పాస్‌వర్డ్ మాత్రం ఆమె దగ్గరే ఉండిపోయింది. దాచుకుందని కాదు. ఆయన అడగలేదు. ఇరవై ఏళ్ళుగా ఉప్పు డబ్బా ఎక్కడుందో అడగని మనిషి పాస్‌వర్డ్ ఏం అడుగుతాడు?

రోజంతటిలో ఆమెది అనదగ్గది ఒక్కటే ఉంది. పొద్దున ఆరింటికి కుంట దగ్గరికి పోతుంది. కట్ట కింద బట్టలుతికే నల్లబండ ఒకటి ఉంది. దాని మీద రెండు పాదాలు సరిగ్గా అదే చోట పెట్టి, ఒక్క ఫోటో తీస్తుంది. వాన పడ్డా, జ్వరమొచ్చినా, రోజుకొకటి. ఏడాది తిరిగేసరికి కుంట ఎట్లా నిండిందో, ఎట్లా ఎండిందో చూపించాలని. ఎదుటి ఒడ్డున ఒక వంగిన ఈతచెట్టు, దాని పక్కన సర్వేవాళ్ళు పాతిన తెల్ల హద్దురాయి, పదకొండో నంబరు. రాయికి ఇటువైపు కుంట. అటువైపు ప్రతాప్ రెడ్డి పట్టా భూమి, అందులో ప్లాట్లకు గీసిన ముగ్గు.

ఆ బండ దగ్గరే చేపలు పట్టే గండయ్య వల సర్దుకునేవాడు. డెబ్భై ఏళ్ళ మనిషి. ఆయన పట్టిన కొర్రమట్ట ఒకటి షామీర్‌పేట చెరువుదాకా ఆయన్నే లాక్కుపోయిందనీ, దారిలో మిలిటరీ వాళ్ళు ఆపి లైసెన్స్ అడిగారనీ చెప్పేవాడు. దాన్ని నమ్మినవాళ్ళు లేరు, వినకుండా పోయినవాళ్ళూ లేరు.

"పటేలమ్మా, నీకు ఎర్కేనా?" అన్నాడు నెల కింద. "గా రాయికి కాళ్ళొచ్చినయ్. ఎండలకు దప్పికైతాందేమో, నీళ్ళకాడికి నడుస్తాంది. మొన్న నా వలకాడికొచ్చి బీడీ అడిగింది."

గండయ్య భార్య జంగమ్మ చేపలగంప నెత్తికెత్తుకుంటూ, "ముసలోడా, రాయికి నీకన్నా సిగ్గున్నది, బీడీ అడగది" అంది. ముగ్గురూ నవ్వారు. మనోరమ పైకి నవ్విన నవ్వు అది.

శనివారం మధ్యాహ్నం, ఆరేసిన చెత్తను సంచిలో నింపాక, రేపటి వీడియో కోసం ఆమె ఫోటోలన్నీ వరసగా పేర్చింది. పేజీకి రేపటితో ఏడాది. మూడువందల అరవై నాలుగు ఫోటోలు గబగబా తిరిగితే నిమిషం వీడియో. మొదటిసారి తిప్పినప్పుడు నీళ్ళనే చూసింది. రెండోసారి ఈతచెట్టును చూసింది. చెట్టు కదలలేదు. మూడోసారి రాయిని చూసింది.

తెల్లరాయి నడుస్తోంది. శ్రావణంలో చెట్టు పక్కన. దసరాకు చెట్టు దాటి. సంక్రాంతి అయ్యాక తుంగలో. ఉగాదికి తుంగ దాటి. ఇప్పుడు తూము దగ్గర. నాలుగు అంగలు వేసింది, నాలుగుసార్లూ కుంటలోపలికే. రాయి లోపలికి పోయినకొద్దీ పట్టా పెరిగింది.

రాయి జరిగిన తేదీలు చూసింది. ఆ తేదీలు ఆమెకు ఇంకోచోట గుర్తున్నాయి. ప్రతాప్ ప్యాంటు మడతల్లో ఎర్రబురద. ఎంత రుద్దినా పోని బురద. "గింత మరక గూడ తియ్యరాదా నీకు?" అని అత్తమ్మ బట్ట ఎత్తి చూపించిన బురద. మొగుడు కుంటను మింగిన గుర్తులను తన చేతులతోనే నాలుగుసార్లు ఉతికింది, మరక పోలేదని తిట్లు కూడా తిన్నది.

రాత్రి భోజనం దగ్గర మామూలుగా అడిగింది. "పదకొండో నంబర్ రాయి జరిగినట్టున్నది?"

ప్రతాప్ ముద్ద ఆగింది. తరవాత నవ్వాడు. "రాయి ఎట్ల జరుగుతదే? గండిగాని కథలు విన్నవా?"

"ఫోటోల్ల కనవడ్డది."

"ఫోటోలు దండిగ అయినట్టున్నయ్. తీసెయ్. ఫోన్ నిండుతది." ఆయన గొంతు పెరగలేదు. అదే ఆమెను భయపెట్టింది. "సోమవారం టిప్పర్లొస్తయ్. రాయిదాక మట్టి పోస్తరు. నీకు రాయెందుకు, నువ్వు కెమెరా వట్టుకో. పెరుగెయ్."

సోమవారం. రాయిదాకా మట్టి అంటే తూము మూసుకుపోతుంది. గండయ్యవాళ్ళ చేపల సంఘం కుంటలో వదిలిన చేపపిల్లలు ఇంకా వేలెడంత ఉన్నాయి. పెరుగు వేసింది. గిన్నె అంచుకు గరిటె తగిలి టకటకమంది. ఆయన వినలేదు. అత్తమ్మ విన్నది. "చేతులెందుకు వణుకుతున్నయే?" అంది. మొదటిసారి ఆ గొంతులో తిట్టు లేదు.

ఆదివారం కట్ట మీద రెండువందలమంది. మైకు, పూలదండలు, పచ్చ టోపీలు. మనోరమ చల్లిన చెత్త ఎండకు తళతళ మెరిసింది. ఊళ్ళో అంత శుభ్రమైన చెత్త ఎవరూ చూసి ఉండరు. ఒక ముసలామె సీసా ఒకటి ఏరుకుని, "మంచిగున్నది, నూనెకు పనికొస్తది" అని కొంగులో దాచుకుంది. ప్రతాప్ చేతులకు తొడుగులు వేసుకుని వంగాడు, ఏరాడు, లేచాడు. మనోరమ నల్లబండ మీద నిలబడి తీసింది.

"అందరు ఫోన్లు తియ్యుండ్రి!" అన్నాడు మైకులో. "ఏడాదిల కుంటను ఎట్ల కాపాడినమో మన పేజీల వీడియో వస్తాంది. మనోరమా, వెట్టు!"

ఆయన దాన్ని చూడలేదు. ఏ వీడియో అయినా తన ముఖం కనిపించే మొదటి ఐదు సెకన్లే చూస్తాడు. ఆ ఐదు సెకన్లు ఆమె అట్లాగే ఉంచింది, పూలదండతో సహా. ఆ తరవాతే రాయి నడుస్తుంది. చివరన పొద్దున వంటింట్లో తలుపు వేసుకుని చెప్పిన మాటలున్నాయి, ఏడాదిలో మొదటిసారి తన గొంతుతో: "నేను మనోరమను. ఈ ఫోటోలు రోజూ ఒకే బండ మీద నిలబడి నేనే తీసిన. ఈతచెట్టును చూడుండ్రి, తర్వాత రాయిని చూడుండ్రి."

వేలు ఫోన్ మీద ఆగింది. పెట్టకపోతే రేపు టిప్పర్లు. పెడితే సాయంత్రం ఏ గడప ఎక్కాలి? తమ్ముడి ఇంట్లో రెండు రోజులు చుట్టం, మూడోరోజు బరువు. కాళ్ళ కింద బండ వేడిగా ఉంది. కిందికి చూసుకుంది. ఏడాదిగా పెట్టిన చోటే పాదాలున్నాయి. ఈ కుంట చుట్టూ ఏడాదిలో జరగనివి రెండే, ఆ ఈతచెట్టు, ఈ పాదాలు.

నొక్కింది.

మొదట చప్పట్లు. ఐదు సెకన్లు. తరవాత చప్పట్లు పలచబడ్డాయి. రెండువందల ఫోన్లలోంచి ఆమె గొంతు ముందూవెనకలుగా లేచింది, కుంట అవతల నుంచి కూడా వినపడింది. తలలు ఒక్కటొక్కటే ఫోన్ల మీంచి లేచి తూము వైపు తిరిగాయి. గండయ్య వల కింద పెట్టి, "నేన్ చెప్తె నవ్వితిరి గద" అన్నాడు మెల్లగా. జంగమ్మ నవ్వలేదు. గంప దించి, వచ్చి బండ పక్కన నిలబడింది.

ప్రతాప్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. తొడుగులు ఇంకా చేతులకే ఉన్నాయి.

"తీసెయ్." పళ్ళ మధ్య నుంచి. "గిప్పుడే తీసెయ్. ఇంటికి రావా నువ్వు?"

ఆమె బండ దిగలేదు.

"తీసేస్త" అంది. "ముందుగాల మీరు పోయి ఆ రాయిని తోలుకరాండ్రి. ఈతచెట్టు కాడ నిలవెట్టుండ్రి. నేను ఈ బండ మీదనే ఉంట. అదొచ్చినంక ఆ ఫోటో గూడ నేనే కొడ్త."