పడుకున్న మనిషి కొలత

ఇంజను డ్రైవరు వీపు వెనక ఉండే కారు కట్టమంటే గుంటూరు ఆటోనగర్‌లో ఏ మేస్త్రీ అయినా నవ్వి పంపేస్తాడు. ఎద్దుల్ని బండి వెనక కట్టే బుద్ధిమంతుడు ఈ జిల్లాల్లో ఇంకా పుట్టలేదు. మీరావలి మాత్రం నవ్వలేదు. లారీ బాడీలు కట్టీ కట్టీ విసుగెత్తిపోయిన మనిషి అతను. మార్టూరులో గ్రానైటు వ్యాపారం చేసే అంకమ్మరావు రాళ్లు అమ్ముకోడానికి ఇటలీ వెళ్లి, అక్కడి కారు మీద మనసు పారేసుకుని వచ్చాడు. దాని పాత ఇంజనూ గేరుబాక్సూ తెప్పించి షెడ్డులో దింపేసరికి మీరావలికి పెళ్లిచూపుల్లో కుర్రాడిలా గుండె దడదడలాడింది.

ఇటలీ వాళ్ల కిటుకు త్వరగానే పట్టుబడింది. ఇంజను సీటుకీ వెనక చక్రాలకీ మధ్యన పెడితే బరువంతా బండి నడుములో నిలుస్తుంది. మలుపులో ముక్కు ఈడ్చుకుపోకుండా బొంగరంలా తిరుగుతుంది. వెనకున్న ఇంజనుకి ఊపిరాడాలి కాబట్టి తలుపుల వెనక రెండు పక్కలా గాలి పీల్చే నోళ్లుంటాయి. ఇక గాలి పైనుంచి జారిపోవాలంటే కప్పు మనిషి నడుము దాటకూడదు. చిక్కల్లా అక్కడే వచ్చింది. అంత కిందికున్న కప్పు కింద ఎవరూ కూర్చోలేరు, కాళ్లు చాపి వెనక్కి వాలి పడుకోవాలి.

లారీకైతే డ్రైవర్ని పీట మీద కూర్చోబెట్టి కొలుస్తారు. అంకమ్మరావు ఊళ్లో లేడు. మీరావలి తమ్ముడు వాసింది అదే ఒడ్డూ పొడుగూ. మీరావలి వాణ్ణి షెడ్డులో వెల్లకిలా పడుకోబెట్టి, పక్కన వెదురుబద్ద పెట్టి, మడమ దగ్గరా భుజం దగ్గరా తల దగ్గరా గాట్లు పెట్టాడు. అన్నం క్యారేజీ తెచ్చిన తల్లి జైతున్‌బీ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏం పనిరా అది! పడుకున్న మనిషిని ఒక్కసారే కొలుస్తారు, గోరీ తవ్వేముందు. లేపు వాణ్ణి!"

"కారు సీటుకమ్మా," అన్నాడు మీరావలి. వాసిం లేవకుండానే కిసుక్కున నవ్వాడు. ముసలమ్మ మాట ఎవరు చెవిన పెట్టారు గనక!

సీటు తయారయ్యాక అంకమ్మరావు వచ్చి అందులో దూరాడు. దూరినవాడు ఎంతోసేపు ఉండలేదు.

"భుజాలు పట్టేస్తున్నాయి మీరావలీ. ఎవరో పడుకుని ఉంటే వాళ్ల మీద పడుకున్నట్టుంది. అయినా ఈ తడిమట్టి వాసనేంటి?"

మే నెల ఎండలో, మిరపఘాటు తప్ప మరో వాసన ఎరగని చోట, తడిమట్టి!

వాసింకి మాత్రం ఆ సీటు ఒంటికి చర్మంలా అతికింది. రోజూ మిట్టమధ్యాహ్నం వెళ్లి అందులో పడుకునేవాడు. తిండి తగ్గింది, చొక్కాలు వదులయ్యాయి. డాక్టరు అన్ని పరీక్షలూ చేసి ఏ రోగమూ లేదన్నాడు. "వెనక ఎవరో మెల్లగా ఊపిరి తీస్తున్నారన్నా," అన్నాడు వాసిం ఒకరోజు. ఇంజను ఇంకా ఒక్కసారి కూడా తిప్పలేదు. మీరావలి గాలినోటి దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. అది లోపలికి పీల్చుకుంటోంది.

ఆ రోజు వాసిం సీట్లోంచి లేవలేకపోయాడు. మంటల్లాంటి ఎండలో వాడి వీపు నూతిరాయిలా చల్లగా ఉంది. తండ్రి పోయాక మీరావలి భుజాన వేసుకుని పెంచిన తమ్ముడు వాడు. మళ్లీ అదే భుజాన వేసుకుని ఇంటికి మోస్తుంటే, బరువు లేకపోవడం చూసి అతనికి ఏడుపొచ్చింది.

"తెరిచిన గోరీని ఖాళీగా వదలకూడదురా," అంది జైతున్‌బీ. "నా కొలత తీసుకో. నేను బతికింది చాలు."

మీరావలి మర్నాడు షెడ్డులో సీటు పగలగొట్టి, వెదురుబద్ద విరిచి పొయ్యిలో పెట్టాడు. తను వెల్లకిలా పడుకున్నాడు.

"గఫూర్, కొలత తీసుకో."

రేకు పని చేసే గఫూర్ బుర్ర గోక్కున్నాడు. "కారు అంకమ్మరావు గారిది గదన్నా, నీ కొలతెందుకు?"

"గాట్లు పెట్టరా బాబూ."

పెట్టాడు. పాపం, అతనికేం తెలుసు.

కొత్త సీటు బిగించిన రోజు జైతున్‌బీ చెప్పులైనా లేకుండా షెడ్డుకి పరిగెత్తుకొచ్చింది. "ఒరేయ్, వాడు అన్నం అడిగాడురా! గోంగూర పచ్చడేసుకుని మారు వడ్డించమన్నాడు! ఇంక నా కొలతా అక్కర్లేదు, ఏమీ అక్కర్లేదు. ఎక్కడున్నావురా?"

మీరావలి కార్లో ఉన్నాడు. ఆ మాట వినగానే కళ్లు నిండాయి. ఇంత సంతోషం అతను ఎన్నడూ ఎరగడు. లేచి తల్లి దగ్గరికి వెళ్దామనుకున్నాడు గానీ, భుజాల్ని సీటు మెత్తగా పట్టుకుంది. హాయిగానే ఉంది. మెడ వెనక ఎవరో నింపాదిగా ఊపిరి తీస్తున్నారు.

"చలేస్తోందమ్మా," అన్నాడు. "ఆ ఫ్యాను కట్టెయ్."

జైతున్‌బీ స్విచ్చు దాకా వెళ్లి పైకి చూసింది. ఫ్యాను తిరగడం లేదు. పొద్దుటి నుంచీ కరెంటే లేదు. గోడకి ఆనించిన పచ్చి వెదురుబద్ద ఆమె కంటబడింది, మూడు గాట్లతో. ఆ పొడుగు ఎవరిదో కన్నతల్లికి ఒకరు చెప్పక్కర్లేదు.