చిన్నమ్మ ఒడ్డున గంట

"పైన దానికేమన్నా అయితే కిందికి మోసుకొచ్చే దిక్కెవర్రా?" అన్నాను.

బస్సింకా కదలనే లేదు. మా తమ్ముడు నాకు కిటికీ పక్క సీటిచ్చి, నీళ్ళసీసా నా ఒళ్ళో పెట్టి, కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

"ఇంజనన్నా స్టార్టు చెయ్యనివ్వక్కా. ఏమవుతుందో దారిలో ఒక్కొక్కటే అనుకుందాం. బోలెడు దూరం ఉంది."

వాడు సిటీ బస్సులో కండక్టరు. సెలవు పెట్టి మరీ నాకు తోడొచ్చాడు. ఇంకొకరి బస్సులో ఊరికే కూర్చోవడం వాడికి చేతకాదు. ఎవరు మెట్టెక్కినా "లోపలికి జరగండి, లోపలికి జరగండి" అంటూనే ఉన్నాడు. ఆ బస్సు కండక్టరు గుర్రుగా చూస్తుంటే, ఇద్దరూ తగువు పడతారేమోనని నాకదో దిగులు.

అసలు దిగులు మాత్రం కొండమీద ఉంది. నా కూతురు.

పుట్టినప్పుడు అరచేతిలో పట్టేంత ఉండేది. అందుకని పిచ్చుక అన్నాం, ఆ పేరే నిలిచిపోయింది. ఎండాకాలం మొదట్లో ఆ మూడు సరస్సుల దగ్గర యాత్రికులకు దారి చూపే టెంపరరీ పని దొరికిందని వెళ్ళింది. కింది సరస్సును పెద్దమ్మ అంటారు, మధ్యదాన్ని నడిపమ్మ అంటారు, శిఖరం కింద ఉన్న పైదాన్ని చిన్నమ్మ అంటారు. ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి, ముగ్గురి నీళ్ళూ కళ్ళకద్దుకుని పోతారు. వానలు రాగానే తిరిగొచ్చేస్తుందిలే అనుకున్నాను. రాలేదు. ఫోనొచ్చింది.

నేను షర్టులు కుట్టే షాపులో కాజాలు కుడతాను. పొడుగాటి గది, రెండు వైపులా మిషన్లు, ఫ్యాను రెక్కల మీద దారపు నూగు, మూలన ఇస్త్రీపెట్టె ఆవిరి. సూది విరిగితే ఆ ముక్క దొరికేదాకా నేను పక్క గుడ్డ ముట్టుకోను. ఎవరి మెడలోనో దిగుతుందని భయం. మా మేస్త్రీ నన్ను 'భయాల పెట్టె' అంటాడు. అననీ. ఆ మిషన్ల రొదలో ఒక చెవి మూసుకుని ఫోనెత్తాను.

"అమ్మా, ఇక్కడ చిన్నమ్మ దగ్గర పాత కాపలా ఆయన పని మానేసి దిగిపోతున్నాడు. ఆ పని నన్ను చెయ్యమంటున్నారు. పర్మనెంటు. చలికాలం కూడా ఉండాలి. మంచు పడితే దారి మూసేస్తారు, అది కరిగేదాకా కిందికి రాలేను."

"వద్దు" అన్నాను.

"చూడకుండా వద్దనకమ్మా. ఒక్కసారి వచ్చి చూడు. చూశాక కూడా వద్దంటే నీతోపాటే దిగొచ్చేస్తాను. మళ్ళీ ఈ మాటెత్తను."

ఎత్తదు. మాటంటే మాటే దానిది. నేను చెయ్యాల్సిందల్లా పైకెక్కి, చూశాననిపించుకుని, వద్దనడం. ఆ ఒక్క మాటా నాలుక మీద పెట్టుకునే బయలుదేరాను.

బస్సు ఆగినచోట ఆ రాత్రికి పడుకుని పొద్దున్నే నడక మొదలుపెట్టాం. మాతోపాటు ఒక అత్తా అల్లుడూ కలిశారు. అల్లుడిది బేకరీ. మనిషి కూడా బాగా పొంగిన బన్నులా ఉన్నాడు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. ప్రతి మలుపు దగ్గరా ఆగేది.

"మా అమ్మాయి రావాల్సింది తల్లీ" అంది నాతో. "కొట్టు నేను చూసుకుంటాను, మీరిద్దరూ వెళ్ళిరండి అంది. ఎంత తెలివో చూడు. అటు నన్నూ వదిలించుకుంది, ఇటు మొగుణ్ణీ వదిలించుకుంది."

"నేను విన్నానండీ అత్తయ్యా" అన్నాడు అల్లుడు వెనకనుంచి.

"వినాలనే అన్నాను అల్లుడుగారూ."

మా తమ్ముడికి ఇంక విసుగెక్కడిది? వాళ్ళ మధ్యన దూరి నవ్వుతూ నడిచాడు. నాకు నవ్వు రాలేదు. ఒకపక్క లోయ, ఒకపక్క ఊడిపడేలా ఉన్న బండలు. ఏ రాయిని చూసినా నా కూతురి నెత్తిన పడటానికే అక్కడున్నట్టనిపించింది.

అప్పుడు మలుపు తిరిగాం. పెద్దమ్మ.

నీళ్ళా అవి? ఎవరో ఆకాశాన్ని కిందికి దించి, ఒక్క ముడత లేకుండా ఇస్త్రీ చేసి పరిచినట్టుంది. అత్తగారి నోరు కూడా మూతపడింది. నేను వంగి నీళ్ళు తాకాను. చల్లదనం వేళ్ళలోంచి మోచేతిదాకా పాకింది. ముఖం కడుక్కోవాలనుకున్నదాన్ని, కళ్ళకద్దుకుని ఊరుకున్నాను. అంత శుభ్రమైనదాన్ని కలచడానికి చెయ్యి రాలేదు.

నడిపమ్మకు ముందు ఒక చెక్కగది ఉంది. అందులో ఒకావిడ కూర్చుని, వచ్చిన ప్రతివాళ్ళకూ ఒకే మాట చెబుతోంది.

"పొగమంచు దిగితే ఎవరూ ఎవర్నీ పిలవకండి. కేకలెయ్యొద్దు. అంచున తెల్లరాళ్ళున్న దారి వదలొద్దు. పైనుంచి గంట వినబడుతుంది, దానివైపే నడవండి. వినబడకపోతే ఉన్నచోటే కూర్చోండి."

"పిలిస్తే ఏమవుతుందమ్మా?" అన్నాను.

"మనిషి గొంతు వినబడగానే మనిషి దారి వదిలేసి అటే పోతాడు. ఇక్కడ దారి తిన్నగా ఉండదు, నీళ్ళ చుట్టూ వంపు తిరుగుతుంది. గొంతు మాత్రం నీళ్ళ మీదుగా అడ్డంగా వచ్చేస్తుంది."

అర్థమైందన్నట్టు తలూపాను. అప్పటికి అర్థమైంది కూడా.

నడిపమ్మ పచ్చగా, చిక్కగా ఉంది. దాని ఒడ్డున దారి నిజంగానే గాజులా గుండ్రంగా తిరిగింది. నేనూ తమ్ముడూ ఆ చివరకు చేరేసరికి, అత్తా అల్లుడూ అవతలి ఒడ్డునే ఆగుతూ ఆగుతూ వస్తున్నారు. మధ్యలో నీళ్ళు. అత్తగారు నన్ను చూసి చెయ్యూపింది. నేనూ ఊపాను.

ఊపిన చెయ్యి దించేలోగా ఆమె కనబడలేదు. ఒడ్డు కనబడలేదు. పక్కనున్న తమ్ముడు తెల్లటి గుడ్డ కప్పినట్టు మాయమయ్యాడు. నా చెయ్యి నాకే మణికట్టు దాకా కనబడింది, ఆ తర్వాత లేదు.

ఇలాంటిచోట, ఇంత తెల్లటి చీకట్లో, నా పిల్ల ఒక్కతే పైన ఉంది. ఇంకేమీ గుర్తు లేదు.

"పిచ్చుకా!" అని అరిచాను. "పిచ్చుకా! ఎక్కడున్నావే! ఏయ్ పిచ్చుకా!"

నా గొంతు కొండలకు తగిలి నాలుగు వైపులనుంచీ తిరిగొచ్చింది. అప్పుడు నీళ్ళ అవతలనుంచి అత్తగారి మాటలు, పక్కనే ఉన్నంత స్పష్టంగా వినిపించాయి.

"అదుగో అల్లుడూ, పిలుస్తున్నారు. ఇటే, ఇటే పద. దగ్గరే."

రాళ్ళు దొర్లాయి. ఒకటి నీళ్ళలో పడ్డ చప్పుడు. తర్వాత ఇంకో చప్పుడు. అది రాయి కాదు, అడుగు.

మా తమ్ముడి చెయ్యి ఎక్కణ్ణుంచో వచ్చి నా భుజం పట్టుకుంది. "అక్కా, నోరు ముయ్యి. నీ గొంతు పట్టుకుని ఆవిడ నీళ్ళలోకి దిగుతోంది."

ఆగండి, రాకండి అని అరవబోయాను. అరిస్తే ఇంకా నావైపే వస్తుంది. ఒక మనిషి మునిగిపోబోతుంటే పిలవకుండా ఉండటం! పుట్టి బుద్ధెరిగాక అంత కష్టమైన పని చెయ్యలేదు. కొంగు ఉండచుట్టి నోట్లో కుక్కుకున్నాను. ఊపిరికి కూడా చప్పుడొస్తుందేమోనని ముక్కు పట్టుకున్నాను. ఏమీ వినబడలేదు. మంచు చెవుల్లోకి కూడా దూరినట్టుంది.

అప్పుడు పైనుంచి వినబడింది. గంట.

పెద్ద మోతేం కాదు. ఒక్క దెబ్బ. గుండ్రంగా మోగి, నిదానంగా సన్నబడి, పూర్తిగా పోయాక, మళ్ళీ ఒక్క దెబ్బ. అంతకుముందు కూడా మోగుతూనే ఉండి ఉంటుంది. నా అరుపుల్లో ఎవరికి వినబడాలి?

"అత్తయ్యా, ఆగండి" అన్నాడు అల్లుడు, నీళ్ళ అవతల. "గంట అటు లేదు. వెనక్కి రండి. నా చెయ్యి పట్టుకోండి. మెల్లిగా."

"కాలు ఇరుక్కుంది బాబూ."

"లాగుతాను. మీరు నన్ను తిడుతూ ఉండండి, ఎక్కడున్నారో నాకు తెలుస్తుంది."

ఆవిడ తిట్టింది. ఆ తిట్లు నీళ్ళ దగ్గర్నుంచి ఒడ్డుకు, ఒడ్డు నుంచి దారి మీదకు ఎక్కడం చెవులతోనే చూశాను.

నడిచాం. పాదాలతో తెల్లరాళ్ళు తడుముకుంటూ, నా కొంగు చివర తమ్ముడు పట్టుకుని. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య చప్పుడు లేనప్పుడల్లా, ఇంక మోగదు, దానికేదో అయింది అనుకునేదాన్ని. మోగేది. మళ్ళీ అనుకునేదాన్ని. మళ్ళీ మోగేది. కొంత దూరం పోయాక తట్టింది, ఆ కొడుతున్నది నా పిల్ల చెయ్యేనని. దాని కోసం భయపడుతూ, దాన్నే పట్టుకుని నడుస్తున్నాను.

దారి చదునైంది. గంట బాగా దగ్గరైంది. ఎక్కడా గాలి లేదు, అయినా మంచు కదిలింది. ముందుగా కాళ్ళ దగ్గర నీళ్ళ అంచు కనబడింది. తర్వాత నల్లరాళ్ళు. తర్వాత నీళ్ళలో తలకిందులుగా ఒక కొండ. ఆ కొండ అసలుది ఎక్కడుందా అని తలెత్తితే, ఎత్తుతూనే ఉన్నాను, అది పైకి పోతూనే ఉంది, మంచు విడిపోతూనే ఉంది. చివరికి మెడ ఇంక వంగనంత ఎత్తున, ఎండలో, శిఖరం.

చిన్నమ్మ ఏ రంగులోనూ లేదు. ఎదురుగా ఉన్నదే తన రంగు. ఒక్క అల కూడా లేదు. ఎవరూ పుట్టకముందు కూడా ఇలాగే ఉండి ఉంటుంది, మేమందరం పోయాక కూడా ఇలాగే ఉంటుంది. ఒళ్ళు ఝల్లుమంది. భయమంటే నాకు తెలుసు, రోజూ దానితోనే కాపురం. ఇది భయానికి అక్కలాంటిదేదో. చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. ఏం కోరుకోవాలో ఒక్కటీ గుర్తు రాలేదు.

ఒడ్డున రెండు కర్రస్తంభాల మధ్య గంట. దాని కింద పిచ్చుక. మొహం ఎండకు నల్లబడింది, పెదాలు పగిలాయి. నన్ను చూసింది. దాని కళ్ళు నిండాయి. కానీ చేతిలో తాడు వదల్లేదు.

"వెనక ఎవరన్నా ఉన్నారామ్మా?"

"ఇద్దరున్నారు" అన్నాడు మా తమ్ముడు.

తలూపి మళ్ళీ కొట్టింది. నేను దాని పక్కనే నిలబడ్డాను. తల్లి వచ్చి నిలబడితే కావలించుకోకుండా గంట కొట్టుకునే పిల్లను చూసి కోపం రావాలి. రాలేదు. దాని మణికట్టు మీద తాడు రాపిడికి కాసిన కాయను చూస్తూ ఉండిపోయాను.

చాలాసేపటికి అత్తా అల్లుడూ వచ్చారు. ఆవిడ మోకాళ్ళదాకా తడిసింది. అల్లుడు నడుందాకా తడిశాడు.

"ఎవరో మహాతల్లి తెగ అరిచింది" అంది ఆవిడ, పళ్ళు టకటకలాడుతుంటే. "నన్ను ముంచేసేదే!"

"ఆ మహాతల్లి ఈవిడే" అన్నాడు మా తమ్ముడు వెంటనే.

నేను తలొంచుకున్నాను. పిచ్చుక అప్పుడు తాడు వదిలి, వాళ్ళిద్దర్నీ లోపలికి తీసుకెళ్ళి, పొయ్యి పక్కన కూర్చోబెట్టి దుప్పట్లు కప్పింది. ఆ తర్వాతే నా దగ్గరకొచ్చి మెడ చుట్టూ చేతులేసింది.

దాని గది చూశాను. ఒక మంచం, ఒక పొయ్యి, గోడ నిండా పేర్చిన కట్టెలు, సరస్సు కనబడే చిన్న కిటికీ, తలుపు వెనక పార.

"పార లోపలెందుకే?"

"మంచు తలుపుదాకా పేరుకుంటే తవ్వుకుని బయటకు రావాలి కదా. తలుపు కూడా అందుకే లోపలికి తెరుచుకుంటుంది."

"జ్వరమొస్తే?"

"మందులున్నాయి. రేడియో ఉంది. నడిపమ్మ దగ్గర నువ్వు చూసినావిడ కూడా ఉంటుంది, రోజూ మాట్లాడుకుంటాం."

"దారి మూసేశాక గంట ఎవరికే?"

"కొండ అవతలివాళ్ళు దాటుతుంటారమ్మా. మూశారని ఆగరు. ఒక్కళ్ళొచ్చినా కొట్టాలి."

"భయమేస్తే?"

"వేస్తుంది" అంది.

సాయంత్రం ఎండ శిఖరం మీదకు ఎక్కిపోతున్నప్పుడు ఒడ్డున కూర్చున్నాం. మంచంతా పోయింది. పొయ్యి దగ్గర అత్తగారు అల్లుణ్ణి తిట్టడం మళ్ళీ మొదలెట్టింది. అంటే ఫరవాలేదన్నమాట. పిచ్చుక నా మొహంలోకి చూడలేదు. నీళ్ళనే చూస్తూ అడిగింది.

"చూశావుగా. ఇప్పుడు చెప్పమ్మా. ఉండనా, నీతో వచ్చెయ్యనా?"

వద్దు అనే మాట నాలుక మీదే ఉంది. అది అంటే చాలు, రేపు పొద్దున్నే సంచీ భుజానేసుకుని నా వెనక దిగొస్తుంది. ఒక్క మాట కూడా అనదు. మా గదిలో, నా పక్కన, క్షేమంగా ఉంటుంది.

నీళ్ళలో కొండ ఎర్రబడింది. ఆ ఎరుపు మెల్లిగా సరస్సంతా పాకి, మా కాళ్ళ దగ్గరి రాళ్ళదాకా వచ్చి ఆగింది. ఎక్కడో మంచు పెళ్ళ విరిగి జారిన చప్పుడు కొండ కొండకూ తగిలి ఎటో వెళ్ళిపోయింది. నీళ్ళు మాత్రం కదల్లేదు. పొద్దున్న నా అరుపు విని అత్తగారు నీళ్ళలో వేసిన అడుగు నా చెవుల్లో ఇంకా ఉంది. దాని తర్వాత మోగిన గంట కూడా ఉంది. మా తమ్ముడు ఏదో ఒక జోకు వేస్తాడని చూశాను. వెయ్యలేదు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని వాడు కూడా నీళ్ళనే చూస్తున్నాడు.

ఎరుపు పోయింది. నీలం వచ్చింది. పిచ్చుక రెండోసారి అడగలేదు. చలికి దాని భుజం నా భుజానికి ఆనింది.

"ఉండవే" అన్నాను. "భయపడే పని నాది. అది నేను కిందుండైనా చేసుకోగలను."