ఎండకాలం సెలవుల్ల ఎక్కిన బరువు

ఎండకాలం సెలవులు ఇచ్చిన్రంటే బెల్లంపల్లి బొగ్గుబాయి లైన్లల్ల ఇండ్ల గచ్చులు పగులుడు షురువైతుండె. పోరగాండ్లకు కోపమొస్తే బరువెక్కుడు అక్కడ కొత్త ముచ్చటేం గాదు. పెద్దోళ్లకు ఎక్కింది పనిల దిగేది, పోరగాండ్లది ఉరుకుడుల దిగేది. బడి ఉన్న దినాలల్ల రెండు కోసులు ఉరికి పోయి ఉరికి వచ్చేటోళ్లు, ఎక్కిన బరువు తొవ్వలనే దిగిపోయేది. సెలవులల్ల ఇంట్లనే పడి ఉంటే ఎట్ల దిగుతది? ఒకని కింద నులక మంచం తెగేది, ఇంకొకని కింద తలుపు కాడి కడప బండ పలిగేది. "జర ఉరికి రాపో" అని తల్లులు బయటికి నూకి తలుపేసుకునేటోళ్లు.

ఆ ఏడు అందరికంటె ఎక్కువ బరువు రాజక్క బిడ్డ భూమవ్వదే. పదకొండేండ్ల పిల్ల. ఎందుకో లైనంతటికీ ఎరుకే. రాజక్క పెనిమిటి గట్టయ్య పొద్దటి షిఫ్టు దిగి, సారా తాగి, మూడు గొట్టంగ ఇల్లు చేరేటోడు. కూర కారమైందని ఒకనాడు, సప్పగైందని ఒకనాడు పెండ్లాన్ని కొట్టేటోడు. బడి ఉంటే పిల్ల వచ్చేసరికి రాజక్క మొఖం కడుక్కొని ఏం గానట్టే కూసునేది. సెలవులల్ల అన్నీ పిల్ల కండ్ల ముంగటనే అయ్యేవి. భూమవ్వ చూసేది, చూసుకుంటనే గచ్చుల దిగవడేది.

ఒకనాడు ఆ పిల్ల కట్టెలు కొట్టే గొడ్డలిని బండ మీద నూరుతుంటే రాజక్క చూసింది.

"ఎందుకే బిడ్డా గది?"

"బాపు కోసం."

అయ్యో, ఆ తల్లి పానం ఏమైపోవాలె! తన ఒంటి మీది దెబ్బలు మర్చిపోయింది. బిడ్డ తండ్రిని నరికి జైలుకు పోతదన్న భయమే పొద్దుమాపు పట్టుకున్నది. గొడ్డలి గుంజుకొని దూలం సందుల పెట్టి, పక్కింటి సక్కుబాయి కాడికి పోయి ఏడ్చింది.

సక్కుబాయి ఉట్నూరు దిక్కుకెల్లి వచ్చిన మనిషి. మొగడు సచ్చినంక బాయి మీద బొగ్గు ఏరి బతుకుతుండె. నోరు పెద్దది, మనసు అంతకన్న పెద్దది.

"అగ్గో బాయీ, ఏడిస్తే దిగుతదా బరువు? తెల్లారంగనే నా ఎంబడి పంపు. లైనుల పిల్లలందర్ని బూడిద మైదానంల చెడుగుడు ఆడిపిస్త. ఊపిరి అందకుంట ఆడాలె, గప్పుడే దిగుతది," అన్నది.

నిజంగనే దిగింది. మొదటినాడు భూమవ్వ కూతకు పోతే బూడిదల మోకాలు లోతు గుంతలు పడ్డయి, నలుగురు మీదవడ్డా ఆపలేకపోయిన్రు. ఎండెక్కేసరికి అదే పిల్ల మేకపిల్ల లెక్క దుంకుతున్నది. ఇంటికొచ్చి జొన్న గట్క అడిగి తిన్నది, నవ్వింది. రాజక్కకు ఆ నవ్వు చూస్తే కడుపు నిండింది. గని మూడు గొట్టేది, గట్టయ్య వచ్చేటోడు. మల్ల పిల్ల గచ్చుల దిగవడేది. పది దినాలు ఇదే తంతు.

సక్కుబాయికి ఇసుగొచ్చింది. "పొద్దుగాల నేను దించుతున్న, మాపటికి నీ మొగడు ఎక్కిస్తుండు. నీకు కోపం రాదానే రాజక్కా?"

"రాదక్కా. లగ్గమైన కాడికెల్లి నాకు బరువెక్కుతలేదు," అన్నది రాజక్క.

పదకొండోనాడు గట్టయ్య నడుముకున్న తోలు పట్టీ ఇప్పిండు. పట్టీకున్న ఇనుప బిళ్ల రాజక్క మూతికి తాకింది. రెండు పండ్లు ఊడి గట్క గిన్నెల పడ్డయి, గట్కంత ఎర్రగైంది. భూమవ్వ పీటేసుకొని దూలం సందుకెల్లి గొడ్డలి తీసింది. ఒక్క అడుగేసింది, బండ పలిగింది. రెండో అడుగుకు పిక్కల దాక దిగింది. మూడో అడుగుకు తొడల దాక గచ్చుల కూరుకపోయింది. గొడ్డలి లేపి కొట్టింది గని జానెడు దూరంల ఆగిపోయింది.

గట్టయ్య ముందు బెదిరిండు, పిల్ల కదల్లేదని తెలిసినంక పకపక నవ్విండు. "కన్న తండ్రి మీదికే లేపుతవానే?" అని కూరుకపోయిన పిల్లను మొఖం మీద పట్టీతోని కొట్టిండు. చెవి తెగింది. మల్ల చెయ్యి లేపిండు.

గప్పుడొచ్చింది రాజక్కకు కోపం. పన్నెండేండ్ల సంది రానిదంత ఒక్కపారే వచ్చి పాదాలల్లకు దిగింది. ఉట్టి మీది కుండలు గడగడలాడినయి. రాజక్క దిగవడ్డ కాళ్లను గచ్చులకెల్లి గుంజుకుంట నడిచి పోయి తన కాలు తీసి గట్టయ్య పాదం మీద పెట్టింది. ఎండు కట్టెలు ఇరిగినట్టు బొక్కలు పటపట ఇరిగినయి. ఆయన కేక మూడు లైన్ల అవతలికి ఇనవడ్డది.

"ఇగ కొడ్తవా?"

"లేదే... కాలు తియ్యే, నీ కాల్మొక్త!"

"నాకు గాదు, పిల్లకు చెప్పు."

"బిడ్డా, కొట్ట... మీ అవ్వను కొట్ట, నిన్ను కొట్ట!"

అది ఇన్నంకనే రాజక్క కాలు తీసింది. భూమవ్వ చేతుల్లకెల్లి గొడ్డలి జారింది. ఎవ్వలు గుంజకుంటనే పిల్ల గచ్చులకెల్లి బయటికొచ్చింది. వచ్చి తల్లి ఒళ్లె పడి బోరుమన్నది.

తెల్లారి సక్కుబాయి కడపల నిలవడి పిలిచింది. "భూమిని పంపే!"

"పిల్ల పండుకున్నదక్కా. దానికేం బరువెక్కలే," అని రాజక్క కొంగు నడుముకు చెక్కుకున్నది. "ఇయ్యాల నేనొస్తున్న."

మంచం మీద గట్టయ్య, కాలుకు పసుపు గుడ్డలు. "దూప అయితున్నది, నీళ్లియ్యే," అన్నడు.

"ఆడి వచ్చినంక ఇస్త."

ఆమె కడప దాటి అడుగేస్తే లైనంత అదిరింది. గట్టయ్య ఇంకోపారి అడగలే. ఆమె ఆడి వచ్చేదాక ఆగిండు.