నలభై ఎనిమిది డిగ్రీల రెక్కలు

మా అల్లుడు పెద్ద చదువులు చదివి మా కంపెనీలోనే చేరాడు. మోటారు వేడిని బయటికి పంపే అల్యూమినియం రెక్కలు ఎంత పొడవుండాలో, ఎంత దగ్గరగా ఉండాలో ఇకమీదట పాత లెక్కలు చూసి నేర్చుకునే తన కంప్యూటర్ ప్రోగ్రాం, న్యూరల్ నెట్‌వర్కే చెప్పేస్తుందట. కొలిచి చూసే పనే ఉండదట. మా కంపెనీలో ఆ కొలిచే గదిలో ఇరవై రెండేళ్లుగా కూర్చున్నది నేనే. అంటే సొంత అల్లుడే నా ఉద్యోగానికి ఎసరు పెట్టాడన్నమాట!

పైగా దానికి పాఠం నేర్పడానికి నా పాత రిజిస్టర్లే అడిగాడు. వాటిలో ఒక దొంగలెక్క ఉంది. ఎప్పుడో ఒకసారి వేడి కొలిచే తీగ తెగిపోయింది. కొత్తది వచ్చేదాకా ఆగే ఓపిక ఎవడికుంది? సన్నగా, బాగా దగ్గర దగ్గరగా ఉన్న రెక్కలు ముప్పై రకాలుంటే, అన్నింటికీ టీ తాగుతూ నలభై ఏడు, నలభై ఎనిమిది డిగ్రీలని వేసేశాను. ఉద్యోగం ఎలాగూ ఊడేదే, అల్లుడి ముందు పరువైనా మిగలనీ అని ఆ సంగతి దాచి రిజిస్టర్లు ఇచ్చేశాను.

ఆ నెట్‌వర్క్ లక్ష డిజైన్లు తిరగేసి, అన్నింటికంటే చల్లగా ఉండేవి ఇవేనని సరిగ్గా నా ముప్పై అబద్ధాల మధ్యకే పోయి కూర్చుంది. అల్లుడు మురిసిపోయాడు.

“ఈ ముప్పై రీడింగులూ ఎంత శుభ్రంగా ఉన్నాయో మామయ్యా! మిగతావి అటూ ఇటూ ఊగుతున్నాయి. వాటిల్లో చాలావరకు చెత్త అని తీసేశా.”

ఆ తీసేసినవే నేను చెమటలు కక్కుతూ నిజంగా కొలిచినవి. ఏం చెప్పను, నా ఖర్మ!

రెక్కలు తయారై వచ్చాయి. డైరెక్టరు ఎదుట నా గదిలో ఆఖరి పరీక్ష. నెట్‌వర్క్ నలభై ఎనిమిది డిగ్రీలంది. మీటరేమో అరవై దాటి, ఎనభై దాటి, తొంభై ఒకటి దగ్గర ఆగింది. రెక్కలు మరీ ఇరుగ్గా ఉంటే మధ్యలో గాలాడదు. ఆ ముక్క నాకు ఇరవై రెండేళ్లుగా తెలుసు.

“మీటరు పాడైనట్టుందయ్యా. నలభై ఎనిమిదని రాసెయ్,” అన్నాడు డైరెక్టరు.

అల్లుడు మెల్లగా ల్యాప్‌టాప్ మూసేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

“నలభై ఎనిమిదే కదా సార్, ఓసారి పట్టుకోండి.”

ఆయన చెయ్యి ముందుకొచ్చి, సగంలో ఆగి, జేబులోకి పోయింది.

“ఆ పాత నలభై ఎనిమిదులు కూడా నావే సార్. కొలవకుండా రాశాను,” అని చెప్పేసి, రిజిస్టర్లో తొంభై ఒకటి వేసి సంతకం పెట్టాను.

“రేపట్నుంచి రావద్దు!” అని అరిచి డైరెక్టరు వెళ్లిపోయాడు. నేను సంచీ సర్దుకుంటుంటే అల్లుడు ఆ వేడి కొలిచే తీగ పట్టుకుని నిలబడ్డాడు.

“మళ్లీ అన్నీ కొలవాలి కదా మామయ్యా... ఇది ఎక్కడ తగిలించాలి?”

“నీ నెట్‌వర్క్‌ని అడుగు నాయనా,” అన్నాను.

అల్లుడు నిజంగానే ల్యాప్‌టాప్ తెరిచాడు.