కెప్టెన్ గారి సాయంత్రం ప్రశ్నలు

అన్నను సమాధి చేసి వచ్చిన సాయంత్రమే ఏసుమణికి ఆయన గొంతు వినబడింది. వంటింట్లో కాఫీ గిన్నె దించుతోంది. వరండాలోంచి, ఎప్పటిలాగే, సరిగ్గా ఆరున్నరకు.

“గ్యాసు?”

“కట్టినానన్నా,” అంది అలవాటు కొద్దీ. అన్నాక గిన్నె చేతిలోంచి జారింది.

కెప్టెన్ క్రీస్తురాజు ముప్పైనాలుగేళ్లు విమానాలు నడిపి రిటైరై, భార్య కూడా పోయాక, పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న ఈ ఊరికి చెల్లెలి దగ్గరకు వచ్చేశాడు. ఆయన విమానం దిగాడే గానీ విమానం ఆయన్ని వదల్లేదు. రోజూ పొద్దుగుంకే వేళ వరండా కుర్చీలో కూర్చుని, విమానం ఎగిరేముందు పైలట్లు చదివే చెక్‌లిస్టులాంటి చీటీ చదివేవాడు. దొడ్డి తలుపు? వేసినా. మోటరు? ఆపినా. ఆయన అడగాలి, ఆమె వెళ్లి చూసి జవాబు చెప్పాలి. జవాబు రాకపోతే మళ్లీ మొదటినుంచీ. నర్సుగా పనిచేసి ఎందరు డాక్టర్లనో గదమాయించిన ఏసుమణి, అన్న తిక్కకు మాత్రం నవ్వుతూ తలొగ్గింది.

కిందటేడు చీటీ చివర ఇంకో ప్రశ్న చేరింది. “ఉత్తరం?”

ఆ ఉత్తరం టైటస్‌కి. ఇరవై ఆరేళ్ల కిందట జడివానలో విమానం రన్‌వే దాటి బురదలోకి జారినప్పుడు, కెప్టెన్ పక్కసీట్లో ఉన్న కో పైలట్ అతనే. దిగేముందు బ్రేకు మీట సిద్ధం చేశారా అని టైటస్ అడిగాడు. కెప్టెన్ చూడకుండానే “చేశాను” అన్నాడు. చెయ్యలేదు. ప్రాణాలు పోలేదు గానీ ఒకామెకు రెండు కాళ్లూ విరిగాయి. విచారణలో కెప్టెన్ గారు, టైటస్ అసలు అడగనే లేదన్నారు. కాక్‌పిట్ మాటల రికార్డింగులో ఆ ముక్క వాన హోరులో కలిసిపోయింది. టైటస్ ఉద్యోగం పోయింది. ఇదంతా అన్న తన చేత్తో రాసి, పోస్టులో వెయ్యమని చెల్లెలికిచ్చాడు.

ఏసుమణి విప్పి చదివింది, వెయ్యలేదు. చర్చి హాలు గోడ మీద అన్న పేరు చెక్కి ఉంది. ఊళ్లో ఇద్దరు పిల్లలకు ఆయన పేరే పెట్టారు. అంతటి మనిషి పరువు తీసుకెళ్లి ఎవరైనా పోస్టు డబ్బాలో పడేస్తారా? చీరల కింద దాచింది. రోజూ సాయంత్రం “ఉత్తరం?” అంటే “వేసినా” అనేది.

ఇప్పుడు కుర్చీ ఖాళీగా ఉంది. గొంతు మాత్రం వరసగా అడుగుతోంది. ఉత్తరం దగ్గరికొచ్చేసరికి పోయిన మనిషితో “వేసినా” అనలేక ఆమె దొడ్లోకి వెళ్లిపోయింది. జవాబు రాకపోయేసరికి మళ్లీ మొదలు, “గ్యాసు?” అని. అలా ఏడు సాయంత్రాలు. చెవుల్లో దూది పెట్టుకుంది, టీవీ పెట్టింది, గొంతు చించుకుని కీర్తనలు పాడింది. పోనీ తన భ్రమ అనుకుందామంటే, చేపలమ్మే పిచ్చమ్మ గేటు దగ్గరే బిగుసుకుపోయింది.

“అయ్య గొంతేందమ్మా, ఇంకా ఇనపడతా ఉండాది?” అని గంప అక్కడే వదిలేసి పరుగెత్తింది.

ఎనిమిదో రోజు చర్చిలో ఆదరణ కూడిక, పోయినవాళ్ల కుటుంబాన్ని ఓదార్చే ప్రార్థన. పోయినవాళ్ల జీవిత చరిత్ర ఇంటివాళ్లే చదవాలి. ఏసుమణి రాసినదాన్ని పాస్టర్ సమాధానం గారు ముందే చూసి మెచ్చుకున్నారు. “ఒక్క పొరపాటు లేని ఉద్యోగం” అన్న మాట కింద గీత కూడా గీశారు, నొక్కి చదవమని.

చర్చి మెట్ల దగ్గర ఒక బట్టతల పెద్దమనిషి ఆటో దిగాడు. సూళ్లూరుపేట దాకా చెన్నై రైల్లో వచ్చాడట.

“నేను టైటస్‌నక్కా.”

ఏసుమణి చేతిలోని కాగితాన్ని కొంగు చాటుకు తీసుకుంది. “మా అన్న సంగతి మీకెట్ట తెలిసింది?”

“పేపర్లో చూసినా. ఏడాదిగా సార్ నాకు ఫోన్ చేస్తానే ఉన్నారు గదా, ఉత్తరం అందిందా అని. అందలేదు, ఏందో చెప్పండి సార్ అంటే, నోటిమాట చాలదు, నా చేతిరాత నీ చేతికి రావాల అనేవారు. ఇంకొకటి రాసి పంపండి అన్నా. ‘రాయగలను. కానీ మా చెల్లెలు అబద్ధం చెప్తా ఉండాది. అబద్ధంతో బతకడం ఎట్ట ఉంటాదో నాకు తెలుసు. దాని నోటితో అది నిజం చెప్పేదాకా రోజూ అడగతా’ అన్నారు.”

అన్నకు తెలుసు! రోజూ ఆమె “వేసినా” అన్నప్పుడల్లా తెలుసు. తెలిసే, మరుసటి రోజు మళ్లీ అడిగాడు. ఆమెకు ఆ మెట్ల మీదే భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

కూడికలో, గీత గీసిన మాట దగ్గర ఆమె చదవడం ఆపేసింది. కాగితం మడిచి పక్కన పెట్టింది.

“ఇది అబద్ధం. విమానం జారిన రోజు బ్రేకు సంగతి టైటస్ గారు అడిగినారు. మా అన్న అడగలేదని చెప్పి ఆయన బతుకు చెడగొట్టినాడు. ఆ తప్పు ఒప్పుకుంటా ఉత్తరం రాస్తే, నేను దాచేసి, వేసినానని చెప్పినాను.”

వెనక బెంచీలో టైటస్ మొహం చేతుల్లో దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

కూడిక అయ్యాక అతను ఆమె ఇంటికొచ్చి ఉత్తరం తీసుకుని, రైలుకి వెళ్లిపోయాడు.

ఆరున్నరకు ఏసుమణి వరండా గడపలో కూర్చుంది. గ్యాసు చూసింది, తలుపు చూసింది, మోటరు చూసింది. ఏడయింది. కుర్చీలోంచి ఏ మాటా రాలేదు.

“అడగన్నా,” అంది.

వారం రోజులుగా ఆ గొంతు ఆగిపోవాలని దేవుణ్ణి వేడుకున్న మనిషి, అన్న పోయాడన్న కబురు అప్పుడే వచ్చినట్టు గుండెలు బాదుకుని ఏడ్చింది.