ఆదరణ కూడిక

బిడ్డను సమాధి చేసి వారం తిరక్కముందే సునంద తన ఇంట్లో ఉగ్గానికి బొరుగులు తడుపుతోంది. సాయంత్రం ఆదరణ కూడిక. చావు జరిగిన ఇంటికి సంఘమంతా వచ్చి, వాక్యం చెప్పి, పాటలు పాడి ఓదార్చిపోవడం గార్లదిన్నె పక్కనున్న ఆ ఊళ్ళో ఆనవాయితీ. అలాంటి ఇళ్ళకు వండి మోసుకుపోయేది ఎప్పుడూ పాస్టరమ్మ సునందే. ఇప్పుడు పోయింది ఆమె కూతురే అయ్యేసరికి ఇంకెవరు వండాలో ఒక్కరికీ తోచలేదు. ఏం మనుషులమ్మా!

శశికి ఎనిమిదేళ్ళు. జ్వరమని ఆసుపత్రిలో చేర్పిస్తే మళ్ళీ ఇంటికి రాలేదు. అప్పట్నుంచి సునందకు మనసారా ఏడ్చే తీరిక దొరికితే ఒట్టు. వచ్చేపోయేవాళ్ళకు టీలు, అత్తకు మాత్రలు, ఆయన తెల్లచొక్కాకు ఇస్త్రీ. నిన్న పొయ్యి ముందు వెక్కిళ్ళు ఆగకపోతే భర్త ముత్యాలప్ప, ఆ సంఘానికి పాస్టరు, తలుపు దగ్గరికి వేసి మరీ చెప్పాడు. "అందరికీ ధైర్యం చెప్పేవాళ్ళం మనం. నువ్వే ఇట్ల ఏడుస్తే మన విశ్వాసం, మన సాక్ష్యం ఏం కావల్ల?"

సాయంత్రం కూడికలో వాక్యం చెబుతూ చెబుతూ ఆయనే బావురుమన్నాడు. సంఘపెద్ద ఆంజినప్ప పరుగున పోయి కౌగిలించుకున్నాడు. "మనసులో పెట్టుకోవద్దన్నా, ఏడ్చెయ్. యేసయ్య కూడా ఏడ్చినాడు గదా!" మగవాళ్ళంతా ఆయన వీపు నిమిరారు. ఆంజినప్ప వంటింటి గడపలో ఉన్న సునంద వైపు తిరిగాడు. "అమ్మా, అయ్యగారికి రోంత నీళ్ళు తే."

తెచ్చి ఇచ్చింది. యేసయ్య కన్నీళ్ళను కూడా మగవాళ్ళే పంచుకున్నారా అనుకుంటే ఆమెకు ఒళ్ళు మండిపోయింది. తొమ్మిది నెలలు మోసింది తను. ఆసుపత్రిలో ఆ చిన్న చెయ్యి చల్లబడే దాకా పట్టుకున్నది తను.

అత్త ఓబమ్మ మోచేత్తో పొడిచింది. "పో, సాక్ష్యం చెప్పు. అంతా దేవుని చిత్తమని స్తోత్రం చెయ్యి. అందరూ కాసుకోనుండారు."

సునంద నడిమధ్యకు వచ్చి నిలబడింది. "నాకు స్తోత్రం రాదు. నాకు నా బిడ్డ కావల్ల. నన్ను రోంతసేపు ఏడ్వనియ్యండి."

అలా అని అందరి ముందూ కూలబడి, "శశీ" అని గొంతెత్తింది.

ఆమె దగ్గరికి ఒక్కరూ లేచి రాలేదు. ముత్యాలప్ప కళ్ళు తుడుచుకుని గబగబా పాటెత్తుకున్నాడు. ఓబమ్మ చప్పట్లు అందుకుంది. ఆమె ఏడుపు ఎంత పెరిగితే వాళ్ళు పాట అంత పెంచారు.