పత్తి తూచే కాంటా

కరీంనగర్ షెడ్డులో మెకానిక్ నిరంజన్, లక్ష్మీరాజం లారీ వెనక ఇరుసును తిప్పే డిఫరెన్షియల్ పినియన్ నట్టును రెండుసార్లు బిగించి, రెండుసార్లూ విప్పాడు. లక్ష్మీరాజానికి అనుమానం అక్కడే మొదలైంది. పల్లెల్లో పత్తి కొని జమ్మికుంట యార్డుకు తోలే వ్యాపారి ఆయన. ఎదుటివాడు ఒకే పని రెండోసారి చేశాడంటే అందులో తనకేం పోతుందో చూసుకునే మనిషి. కొత్త బేరింగులు కళ్లముందే డబ్బాలోంచి తీయించాడు. పాతవి తన కాళ్ల దగ్గరే పెట్టించుకున్నాడు. ఇక మోసానికి దారెక్కడుందా అని స్టూలు మీంచి కదలకుండా చూస్తున్నాడు.

వదులుగా ఉంటే పినియన్ పళ్లు పోతాయట, ఎక్కువ బిగిస్తే బేరింగులు కాలిపోతాయట. అందుకే మధ్యలో స్పేసర్ రింగు మార్చి మార్చి చూస్తున్నానన్నాడు నిరంజన్. మూడోసారి బిగించాక, ఎంత బిగువుగా తిరుగుతుందో చూడటానికి పినియన్ చుట్టూ తాడు చుట్టి, కొసను స్ప్రింగు కాంటాకు తగిలించి మెల్లగా లాగాడు. పినియన్ తిరుగుతుండగా ముల్లు మూడు కిలోల దగ్గర నిలిచింది.

"గిప్పుడు సరిపోయింది సేటూ."

"గట్లని నీ కాంటా అంటున్నది. దాన్ని నేనెట్ల నమ్మాలె? బేరింగులు కాలితె మళ్ల నీ దగ్గరికే రావాలె గద."

డ్రైవర్ భూమన్న పక్కనే ఉన్నాడు.

"ఫికరెందుకు సేటూ, మన కాంటా క్యాబిన్లనే ఉన్నది" అని వెళ్లి తెచ్చేశాడు.

పల్లెల్లో పత్తి తూచే కాంటా అది. నాలుగు కిలోలకు మూడే చూపేలా దాని స్ప్రింగు లక్ష్మీరాజమే గుట్టుగా మార్పించాడు. భూమన్న చేనులో పత్తి కూడా ఏటా దానికే వేలాడుతుంది.

నిరంజన్ కాంటా మార్చి లాగాడు. ముల్లు రెండు దాటి కొంచెం పోయి ఆగిపోయింది.

"మీ దాని లెక్కన వదులే. ఇంక సన్న స్పేసర్ ఏసి బిగిస్త, మీ కాంటా అన్నట్టె కానీ."

అలా బిగిస్తే జమ్మికుంట దారిలో, లోడు మీద, బేరింగులు కాలడం ఖాయం. సీజనంతా లారీ పడకేస్తుంది. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. లక్ష్మీరాజం రెండు నష్టాలనూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు.

"వద్దు. నీ కాంటా లెక్కనే ఉండనియ్."

"గింతదాంక నమ్మనంటిరి?"

"ఇప్పుడు నమ్ముతున్న."

నిరంజన్ ఒకసారి ఆయన ముఖం చూసి పనిలో పడ్డాడు. మన కాంటా క్యాబిన్లో పెట్టమని లక్ష్మీరాజం భూమన్నకు చెప్పాడు. భూమన్న కదలలేదు. వంగి, సేటు కాళ్ల దగ్గరున్న పాత బేరింగును తీసి ఆ కాంటాకు తగిలించాడు. ముల్లు వంక చాలాసేపు చూశాడు. తర్వాత బేరింగు తీసి, నిరంజన్ కాంటా కోసం చెయ్యి చాపాడు.